ట్రంప్ గారు 50 శాతం, మా అమ్మ 100 శాతం: ఈ వారం కబుర్లు

  ఆదివారం వచ్చింది, 2025 ఆగస్టు 10. వెలుతురు తక్కువగా ఉంది, మొహం సరిగ్గా కనపడట్లేదు అంటారేమో. నిజమేనండి. ఈ వారం లైట్ లేదు. ఎందుకు లేదో చివర్లో చెప్తాను. అది చెప్పడానికి కాస్త ధైర్యం కూడగట్టుకోవాలి, అందుకని ముందు దేశం సంగతులు చూసుకుందాం.

ఈ వారం అంతా శాతాల గొడవేనండి. ఎవరి నోట విన్నా శాతమే. సినిమా కార్మికులు కూలీ 30 శాతం పెంచమని సోమవారం నుంచి షూటింగులు ఆపేశారు. అమెరికాలో ట్రంప్ గారు మన సరుకు మీద ముందు 25 శాతం సుంకం అన్నారు, వారం తిరక్కుండానే ఇంకో 25 అన్నారు. మా చెల్లికి సెమిస్టర్‌లో వచ్చిన శాతం మాత్రం ఇంట్లో ఎవరూ అడగట్లేదు. ట్రంప్ గారి పుణ్యమా అని అది బతికిపోయింది. ఎవరి అదృష్టం ఎక్కడి నుంచి వస్తుందో చెప్పలేమండి.

ముందు మంచి వార్త. పోయిన శుక్రవారం, ఆగస్టు 1న, 71వ జాతీయ సినిమా అవార్డులు చెప్పారు కదా. ఉత్తమ తెలుగు సినిమా 'భగవంత్ కేసరి'. బాలయ్య బాబు ఫ్యాన్స్ మా ఊళ్లో ఆ రాత్రి టపాసులు కాల్చారు. మా తాతయ్య దీపావళి వచ్చేసిందేమో అనుకుని కొత్త లుంగీ అడిగాడు. దానికంటే మా గోదారోళ్లకి ఇంకా దగ్గరి వార్త ఒకటుంది. 'గాంధీ తాత చెట్టు'లో చేసిన సుకృతి వేణికి ఉత్తమ బాలనటి అవార్డు వచ్చింది. సుకుమార్ గారమ్మాయి. సుకుమార్ గారిది ఎక్కడనుకున్నారు? రాజోలు దగ్గర మట్టపర్రు. కాకినాడలో పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి. ఈ వార్త చూసి మా నాన్న నావైపు తిరిగి, "చూశావా, కోనసీమలో పిల్లలకి జాతీయ అవార్డులొస్తున్నాయి. నీకు కనీసం వెయ్యి వ్యూస్ రావట్లేదు" అన్నారు. అంటే ఆయన నా వ్యూస్ చూస్తున్నారని నాకు ఆ రోజే తెలిసిందండి.

సరే, క్రికెట్. ఆగస్టు 4, సోమవారం. ఆ రోజు మధ్యాహ్నం మూడున్నరకి మీరెక్కడున్నారు? నేనైతే చెరువు గట్టు మీదున్నాను. మా ఊరు భీమవరం నుంచి ఆకివీడు పోయే వైపు. మా నాన్న రెండెకరాల రొయ్యల చెరువు లీజుకి చేస్తారు. మా గట్టు మీద ఫోన్ సిగ్నల్ ఒకే చోట వస్తుంది. మోటారు షెడ్డుకి ఆనుకుని ఒక కొబ్బరిచెట్టుంది, దాని మొదట్లో కుడివైపు. ఎడమవైపు జరిగితే బఫరింగు. అందుకని మా నాన్న, మా బావ, పక్క చెరువు బాబాయ్, నేను, నలుగురం ఆ చెట్టుకి కుడివైపు ఒకరి భుజం మీద ఒకరం తల పెట్టుకుని ఓవల్ టెస్టు చూశాం. దూరం నుంచి చూసినోళ్లు ఎవరో పోయారనుకున్నారట. ఒకాయన సైకిల్ దిగి వచ్చి, "ఏటండి, ఏం జరిగింది?" అని కంగారుగా అడిగాడు.

జరిగింది మీకు తెలుసు. ఇంగ్లండుకి 374 కావాలి. చివరి రోజు పొద్దున్నకి ఇంకా 35 చాలు, నాలుగు వికెట్లున్నాయి. అసలు మ్యాచ్ అక్కడిదాకా రావడానికి కారణం ఆదివారం జరిగిన సంగతి. హ్యారీ బ్రూక్ 19 దగ్గర ఉండగా ప్రసిద్ధ్ బంతికి లేపి కొట్టాడు. సిరాజ్ చక్కగా పట్టాడు. పట్టి, వెనక్కి ఒక్క అడుగేసి బౌండరీ తాడు తొక్కాడు. ప్రసిద్ధ్ అప్పటికే వికెట్ పడిందని సంబరం మొదలెట్టేశాడు, పాపం. అవుటు కాస్తా సిక్సు అయింది. ఆ బ్రూక్ 111 కొట్టాడు. అంటే ఆ ఒక్క అడుగు ఖరీదు 92 పరుగులు.

ఆదివారం సాయంత్రం నేను సిరాజ్‌ని తిట్టిన తిట్లు ఈ వీడియోలో చెప్పలేను. మా నాన్న మాత్రం మేత బస్తా మీద కూర్చుని వినీ వినీ, "ఒరేయ్, వాడు ఆ సిరీస్‌లో అయిదు టెస్టులూ ఆడాడు. మిగతావాళ్లు రెస్టులు తీసుకున్నారు. కాలు నొప్పిపుట్టి వెనక్కి పడిందేమో. రేపు మళ్లీ వాడే వెయ్యాలి, చూడు" అన్నారు.

మరి సోమవారం ఏం జరిగింది! మొదటి రెండు బంతులూ ఓవర్టన్ ఫోర్లు. మా బావ లేచి వెళ్లిపోయాడు. ఆయన సెంటిమెంటు అది, తను చూస్తే ఓడిపోతాం అని. అప్పుడొచ్చాడండి మన హైదరాబాద్ కుర్రాడు. స్మిత్ కీపర్‌కి దొరికాడు. ఓవర్టన్ ఎల్బీడబ్ల్యూ. అవతల ప్రసిద్ధ్ టంగ్‌ని బౌల్డ్ చేశాడు. ఆఖర్లో క్రిస్ వోక్స్ వచ్చాడు చూశారా, భుజం బెణికి, చెయ్యి కట్టు కట్టి స్వెట్టర్ లోపల పెట్టుకుని, ఒంటి చేత్తో బ్యాటు పట్టుకుని. మా బాబాయ్ అది చూసి కళ్లు తుడుచుకున్నాడు. అవతలోడైనా సరే అలాంటోడికి దణ్ణం పెట్టాలండి. ఆఖరికి సిరాజ్ యార్కర్‌కి అట్కిన్సన్ వికెట్ ఎగిరిపోయింది. 367 ఆలౌట్. ఆరు పరుగులతో గెలిచాం. టెస్టుల్లో మనవాళ్లు ఇంత తక్కువ తేడాతో ఎప్పుడూ గెలవలేదు. సిరీస్ రెండు రెండు సమానం. ఆ అయిదు టెస్టుల్లో సిరాజ్ వేసింది 185 ఓవర్ల మూడు బంతులు, తీసింది 23 వికెట్లు. ఆటో నడిపిన నాన్న కొడుకు, ఇప్పుడు తెలంగాణలో డీఎస్పీ కూడా. ఆ రోజు నుంచి మా బావ ఫోన్‌లో వాల్‌పేపర్ సిరాజ్. అక్కకి కోపం వచ్చింది, పెళ్లి ఫోటో తీసేశాడని.

నేను గట్టు మీద గెంతుతూ, "నాన్నా, నేను చెప్పానా లేదా సిరాజే గెలిపిస్తాడని" అన్నాను. ఆయన నన్ను చూసిన చూపు ఉంది చూడండి, ఆ చూపు ఈ వారంలో ఇంకోసారి చూడాల్సి వచ్చింది. దానికి వస్తున్నాను.

ఇక అసలు వార్త, ట్రంప్ గారు. తమ్ముళ్లూ, చాలామంది దీన్ని రీల్‌లో చూసి నవ్వేసి పైకి తోసేశారు. మా ఇంట్లో మాత్రం అది రీలు కాదండి, రేటు.

జులై 30న 25 శాతం అన్నారు. ఆగస్టు 6 రాత్రి, మనం రష్యా దగ్గర చమురు కొంటున్నాం కాబట్టి ఇంకో 25 అన్నారు. మొదటిది 7 నుంచి మొదలైపోయింది, రెండోది 27 నుంచి. మొత్తం 50. రొయ్యల మీద డంపింగ్ సుంకమని, ఇంకోటని ముందే ఉన్నవి వేరే. మనకి పోటీ ఎవరు? ఈక్వెడార్. దానికి 15 శాతమే. మా నాన్నకి ఈ వయసులో ఈక్వెడార్ మీద పగ పుట్టింది. "ఎక్కడుందే అది?" అని చెల్లిని అడిగితే అది ఫోన్‌లో మ్యాప్ తీసి చూపించింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని చూసి, "ఇంత ఉందా? మన ఆంధ్ర కంటే పెద్దదా? అమెరికాకి ఇంత దగ్గరా?" అని, ఆ ఫోన్ వెనక్కిచ్చేశారు. ఆ పూట అన్నం సగమే తిన్నారు.

రష్యా చమురుకీ మా చెరువులో రొయ్యకీ సంబంధం ఏంటి అని మీరడగొచ్చు. మా రొయ్య పుట్టింది హేచరీలో, పెరిగింది గోదారి కాలవ నీళ్లలో, తిన్నది మేత. చమురు ముట్టుకోలేదు. రష్యా పేరు వినలేదు. అయినా జరిమానా దానికే.

సరదాకి అంటున్నాను గానీ దీని లెక్క కొంచెం తెలుసుకోండి, పనికొస్తుంది. మన దేశం నుంచి 2024-25లో 62 వేల కోట్ల రూపాయల పైన సముద్ర ఉత్పత్తులు బయటికెళ్లాయి. అందులో పెద్ద వాటా గడ్డకట్టించిన రొయ్యలది. వాటిని అందరికంటే ఎక్కువ కొనేది అమెరికా. పండించేదాంట్లో మన ఆంధ్ర ముందుంటుంది, ఆంధ్రలో మా భీమవరం చుట్టుపక్కల కారేసుకుని ఎటు పోయినా కిటికీలోంచి కనిపించేది చెరువులే. న్యూయార్క్‌లో ఎవరో పెద్దమనిషి ఫోర్కుతో గుచ్చుకుని తినే రొయ్య, మా బాబాయ్ రాత్రి మూడింటికి లేచి టార్చిలైటేసి చూసుకున్న రొయ్యే అయ్యుండొచ్చు.

మరి సుంకం కట్టేది ఎవరు? రూలు ప్రకారం అమెరికాలో దిగుమతి చేసుకునే వ్యాపారి. కానీ ఆయన కడతాడా? "నాకు ఖర్చు పెరిగింది, రేటు తగ్గించు" అని ఇక్కడి ఎగుమతిదారుని అడుగుతాడు. ఎగుమతిదారు ప్లాంటులో చెప్తాడు. వాళ్లు కొనుగోలుదారుకి చెప్తారు. ఆయన మా నాన్నకి ఫోన్ చేస్తాడు. మా నాన్న ఇంకెవరికి ఫోన్ చెయ్యాలి? ఆయన కింద ఉన్నది రొయ్య ఒక్కటే. దానికి ఫోన్ లేదు.

రెండో సుంకం 27 నుంచి కదా, ఇప్పుడే రేటెందుకు తగ్గించారు అని నేనూ తెలివిగా అడిగాను. ఇవాళ పట్టిన రొయ్య తల తీసి, తొక్క వలిచి, గడ్డకట్టించి, కంటైనరెక్కి, ఓడలో అమెరికా చేరేసరికి వారాలు పడుతుంది. కొనేవాడు ఇవాళ్టి ధరకి కొనడు, అది అక్కడ దిగే రోజుకి ఏం పరిస్థితో ఊహించుకుని కొంటాడు. ఆ ఊహ ఎప్పుడూ మనవైపు ఉండదు. ఏప్రిల్‌లో కూడా ఇంతే అయింది. అప్పుడు 26 అన్నారు, రేటు పడిపోయింది, ముఖ్యమంత్రి గారు ఢిల్లీకి లేఖ రాశారు, తర్వాత 90 రోజులు ఆపుతున్నాం అన్నారు. పడిన రేటు మాత్రం లిఫ్టులో దిగి మెట్ల మీద ఎక్కింది.

మా చెరువులో అప్పటికి వంద రోజుల పంట. కౌంటు 60 మీదుంది. కౌంటంటే తెలియని సిటీ తమ్ముళ్లకి చెప్తున్నాను, కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో అది. అంకె తగ్గితే రొయ్య పెద్దదని, రేటు ఎక్కువని. ఇంకో పది పన్నెండు రోజులుంచితే 50కి వచ్చేది. జులై 31న కొనుగోలుదారు ఫోన్ చేసి కిలోకి 15 తగ్గింది అన్నాడు. ఆగస్టు 7న ఇంకో 15. మావి నాలుగు టన్నులు. అంటే నాలుగు వేల కిలోలు. కిలోకి 30 చొప్పున వేసుకోండి. లక్షా ఇరవై వేలు. రెండు ఫోన్ కాల్స్‌లో. నా రీచార్జి కూడా అంత త్వరగా అవ్వదండి.

ఇప్పుడు అమ్మేయాలా, ఉంచాలా? ఉంచితే రొయ్య పెరుగుతుంది, మేత ఖర్చూ పెరుగుతుంది, ముసురు రోజులు, జబ్బు తగిలితే మొత్తం పోతుంది. అమ్మితే ఇవాళ్టి నష్టంతో బయటపడతాం. పక్క చెరువు బాబాయ్ 7వ తారీఖు సాయంత్రమే పట్టించేశాడు. నాన్న మాత్రం, "రెండు రోజులు చూద్దాం" అన్నారు. ఆ మాట అన్నాక ఇంట్లో ఎవరూ టీవీ పెట్టలేదు.

అదే సమయానికి మా ఇంట్లో ఇంకో సుంకం నడుస్తోంది. శ్రావణమాసం. మా అమ్మ నెలంతా నీసు బంద్ అంది. ట్రంప్ గారు 50 శాతమే వేశారు, మా అమ్మ 100 శాతం. రెండెకరాల నిండా రొయ్యలు పెట్టుకుని, మేం తినేది ఆనపకాయ పప్పు. సినిమా వాళ్లకైనా చర్చలున్నాయి, మా అమ్మ దగ్గర అవి కూడా లేవు. "అమెరికా వాళ్లు తినట్లేదు, మనమైనా తిందాం" అని చెల్లి ఒక ప్రతిపాదన పెట్టింది. గరిటె చూపించింది.

అసలు ఒక నిజం చెప్తాను, ఎవరికీ చెప్పకండి. మా వైపు రొయ్యలు పెంచేవాళ్లలో చాలామంది చెరువు వనామి ఇష్టంగా తినరు. "ఏటి రొయ్యకున్న రుచి దీనికెక్కడిది" అంటారు. మామిడికాయతో, చింతచిగురుతో వండుకునేది ఏటి రొయ్యే. ఇంత పండించి ఇంట్లోనే తినకపోతే మన దేశంలో ఎవరు తింటారండి? అందరం ఒక్క దేశం మొహం చూసి కూర్చున్నాం. బావ అయితే, "ఒక్క కొనేవాడి మీద ఆధారపడితే అది వ్యాపారం కాదు మావయ్యా, కాపరం" అన్నాడు. అక్క అక్కడే ఉంది. తర్వాత ఆయనకి కాఫీ రాలేదు.

పులస సంగతి కూడా ఒక్క మాట. వరద నీళ్లొచ్చే కాలం కదా, సముద్రంలోంచి గోదారికి ఎదురీది పైకొచ్చే చేప. ధవళేశ్వరం ఆనకట్ట దాకా వస్తుంది. పుస్తెలమ్మైనా పులస తినమన్నారు పెద్దలు. ఆ పెద్దలు బంగారం తులం లక్ష దాటని రోజుల్లో అన్నారది. ఇప్పుడు పుస్తెలమ్మితే పులస కాదు, చిన్న సైజు వల, పడవ కూడా వచ్చేస్తాయి. ఎదురీదింది కాబట్టి పులసకి రేటు. మా రొయ్య కూడా ఎదురీదుతోందండి ఈ వారం, దానికి మాత్రం రేటు తగ్గింది.

బంగారం అన్నాను కదా. 8వ తారీఖు శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. ప్రతి ఏడూ మా అమ్మ లక్ష్మీ రూపు కొనుక్కుంటుంది, చిన్నదే అయినా బంగారందే. ఈ ఏడు పంట డబ్బులొస్తే కొంచెం పెద్దది కొంటానని నాన్న ఉగాదికే మాటిచ్చారు. గురువారం సాయంత్రం ఆయన చొక్కా వేసుకుని బయల్దేరబోతుంటే అమ్మే ఆపింది. "పాత రూపు కడిగి పెడితే అమ్మవారు గుర్తుపట్టదా ఏంటి?" అంది. నాన్న చొక్కా విప్పి మళ్లీ వంకీకి తగిలించారు. నేను ఫోన్ చూస్తున్నట్టు నటించాను. మీరూ అలాంటప్పుడు ఫోనే చూస్తారు కదా. అందుకే కనిపెట్టారేమో దాన్ని.

ఆ రాత్రి సంగతి. ఇప్పుడు లైట్ ఎందుకు లేదో చెప్తాను.

గురువారమంతా మబ్బు. చెరువులో నీళ్లు పగలు ఎండకి నాచు వల్ల ఆక్సిజన్ పట్టుకుంటాయి. రాత్రి ఆ నాచే తిరిగి పీల్చుకుంటుంది, రొయ్యా పీలుస్తుంది. తెల్లారగట్ట మూడూ నాలుగూ మధ్య మరీ తగ్గిపోతుంది. అందుకే ఏరియేటర్లు తిరుగుతూ ఉండాలి. కరెంటు పోతే జనరేటరు. జనరేటరు స్టార్ట్ కావాలంటే బ్యాటరీ. అర్థమైందా ఎటు వెళ్తున్నానో?

పోయిన వారం ఎపిసోడ్‌లో నా మొహం ఎంత వెలిగిపోయిందో గుర్తుందా? "బ్రో, లైటింగ్ కేక" అని మీలో కొందరు అన్నారు కూడా. ఆ లైటు నడిచింది ఆ బ్యాటరీ మీదేనండి. తీశాను, వాడాను, మళ్లీ బిగించాను కూడా. చార్జింగ్ పెట్టలేదు.

మూడుంపావుకి గాలికి కరెంటు పోయింది. నాన్న జనరేటరు తిప్పారు. టక్ అంది. మళ్లీ తిప్పారు. టక్. మూడోసారి టక్ కూడా అనలేదు. టార్చి వేసి చూస్తే రొయ్యలు అంచుకి వచ్చేస్తున్నాయి. నీళ్ల పైన మీసాలు. అది చూడ్డానికి ఎంత భయంగా ఉంటుందో చెరువున్న ఇళ్ల పిల్లలకి తెలుసు. వంద రోజుల పంట, ఎదురుగా ఊపిరాడక గట్టెక్కుతోంది.

చెల్లి ఆక్సిజన్ బిళ్లల డబ్బా తెచ్చి చల్లడం మొదలుపెట్టింది. నేను బండేసుకుని బాబాయ్ ఇంటికి పరిగెత్తాను, ఆయన ట్రాక్టర్ బ్యాటరీ కోసం. ఆయన నిద్రలో, "ఎవర్రా" అన్నాడు. "బ్యాటరీ బాబాయ్" అన్నాను. ఇంకో మాట అడగలేదు. లుంగీ మీదే వచ్చి ట్రాక్టర్ బ్యాటరీ విప్పి నా బండి మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన పంట పట్టేసి అప్పటికి కొన్ని గంటలే, ఆయన చెరువు ఖాళీ, హాయిగా పడుకోవచ్చు. జనరేటరు పట్టుకునేసరికి నలభై నిమిషాలు. ఏరియేటర్లు తిరిగాక కూడా మేం నలుగురం తెల్లారే దాకా ఎవరం మాట్లాడలేదు. అమ్మ తలంటుకుని వ్రతం పనులు మొదలెట్టాల్సిన టైముకి గట్టు మీద మోకాళ్ల దాకా బురదలో ఉంది.

పొద్దున చూస్తే మూడు గంపలు చచ్చాయి. మూడే. మిగతావి కిందకి దిగిపోయాయి.

నేను ఏడుపు మొహంతో నాన్న దగ్గరికెళ్లి బ్యాటరీ సంగతి చెప్పాను. ఆయన చేతులు కడుక్కుంటూ, తల ఎత్తకుండా, "సిరాజ్ తొక్కింది తాడే నాయనా. నువ్వు నా పీకే తొక్కావ్" అన్నారు. అని, కాసేపాగి, "ఆ బ్యాటరీ చార్జింగ్ పెట్టు" అన్నారు. అంతేనండి. పోయిన ఆదివారం నేను సిరాజ్‌ని తిట్టిన తిట్లలో ఒక్కటి కూడా ఆయన నన్ను తిట్టలేదు. నాకవి అన్నీ గుర్తున్నాయి, ఒక్కొక్కటీ నన్ను నేనే తిట్టుకున్నాను.

వ్రతం మధ్యాహ్నం అయింది. పాత రూపుతోనే. అమ్మ వాయనం ఇవ్వడానికి ముందు పిలిచింది బాబాయ్ వాళ్ల పిన్నిని.

నాన్న ఇంక ఆగలేదు. శనివారం తెల్లారకుండా పట్టించేశారు. ఐసు లారీ, ట్రేలు, కాటా వచ్చాయి. కౌంటు దగ్గర మామూలు తగువే. వాళ్లు 62 అంటారు, మేం 58 అంటాం. కిలో తీసి తెల్ల పట్టా మీద పోసి అందరూ వంగి లెక్కపెట్టారు. 60. గుల్ల విడిచిన మెత్త రొయ్యలు పక్కకి తీసి వాటికి రేటు కోశారు. నాన్న గెలిచింది ఆ లెక్కొక్కటే, కానీ 60 అనగానే ఆయన మొహం చూడాలి, ఓవల్‌లో గెలిచినట్టే. లీజు, మేత, సీడు, కరెంటు, డీజిలు అన్నీ తీసేస్తే అప్పు పెరగలేదు. అంతవరకే. లాభమా అంటే, మాకు ఈ పంటలో మిగిలింది ఈ ఎపిసోడ్.

అదే రోజు రాఖీ. చెల్లి కట్టింది. 500 ఇచ్చాను. "రాత్రి బిళ్లలు చల్లినందుకు?" అంది. ఇంకో 250 ఇచ్చాను. అది కూడా 50 శాతమేనండి, ఇంట్లోనే వేశారు. బాబాయ్‌కి కూతుళ్లు లేరు, చెల్లి ఆయన చేతికి కూడా ఒక రాఖీ కట్టింది. కూతురు తండ్రికి కట్టకూడదా అనేది నాకు తెలీదు. ఆయన మాత్రం సాయంత్రం దాకా ఆ చెయ్యి తడవకుండా ఎత్తి పట్టుకుని తిరిగాడు. భోజనం ఎడమ చేత్తో పెట్టమంటాడేమో అని అమ్మ భయపడింది.

వచ్చే వారం రెండు ముఖ్యమైన సంగతులున్నాయి. 14న 'కూలీ', 'వార్ 2' రెండూ ఒకేరోజు. భీమవరంలో ఇప్పటికే స్తంభాలు కనపడట్లేదు, ఫ్లెక్సీలే. మా బావ ఎన్టీఆర్, నేను రజనీ. ఒకే బండి, రెండు థియేటర్లు. ఇది ఎలా తీరుతుందో చూడాలి.

రెండోది, 15 నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకి టికెట్ లేదు. స్త్రీశక్తి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ అలాంటివాటిల్లో రాష్ట్రమంతా. అమ్మా, పిన్నీ అప్పుడే ప్లాన్ వేసేశారు. అంతర్వేది నరసింహస్వామి దగ్గరికి, నరసాపురం మీదుగా. ఆధార్ కార్డు పర్సులో పెట్టేసుకుంది అమ్మ, ఇంకా అయిదు రోజులుండగానే. నాన్న మెల్లగా, "నరసాపురం దాకా బస్సు ఫ్రీ. అక్కడ గోదారి దాటడానికి పంటు ఎక్కాలి. దానికి టికెట్టుంది" అన్నారు. అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "అది మీరు ఇవ్వండి" అంది.

నాన్న చొక్కా జేబులోంచి తీసి ఇచ్చారు. వంకీకి తగిలించిన చొక్కాలోంచే.

సరేనండి, బ్యాటరీ చార్జింగ్‌లో ఉంది, ఇది ఫోన్ టార్చి మీద తీస్తున్నాను, అది కూడా 9 శాతం చూపిస్తోంది. చెప్పాను కదా, అంతా శాతాలే. చెరువు ఎండగట్టి, మట్టి దున్ని, సున్నం చల్లాలి. రేపు పొద్దున నాకు డ్యూటీ పడింది, ఎందుకు పడిందో మీకు తెలుసు. ఉంటానండి మరి. ఆయ్.